జబ్బు పడనివారినీ అడగండి

తొలకరి పడగానే వరంగల్ వాడల్లో, ఉత్తర తెలంగాణ పల్లెల్లో వాంతులు, విరేచనాల కబురు వినపడటం కొత్త కాదు. ఆ వెంటనే జరిగేదీ తెలిసిందే. ఒక టెంటు, వైద్య శిబిరం, మోరీల పొడవునా తెల్లటి బ్లీచింగ్ పొడి. ఫొటోకు బాగుంటుంది. నల్లా పైపులోని నీటికి మాత్రం ఆ పొడితో ఒరిగేదేమీ లేదు.

శిబిరం వద్దనడం లేదు. ముందు ఓఆర్ఎస్, తర్వాతే ఆరా. కానీ రోగం ఎటు నుంచి వచ్చిందో చెప్పే ఆనవాళ్లు ఆ తొలిరోజే చెరిగిపోతాయి. యాంటీబయాటిక్ వేశాక తీసిన మల నమూనాలో క్రిమి దొరక్కపోవచ్చు. ట్యాంకులో క్లోరిన్ కుమ్మరించాక పట్టిన సీసాలో నీళ్లు శుభ్రంగానే ఉంటాయి. ఆ కాగితం చూపించి చేతులు దులుపుకోవడం సులువు. అందుకే ముందు నమూనా, మరు నిమిషంలో క్లోరిన్.

ఆపై భారమంతా ఆశా కార్యకర్తది, ఏఎన్ఎంది. 24 గంటల్లో మూడు, అంతకు మించి నీళ్ల విరేచనాలైన ప్రతి ఒక్కరి వయసు, ఇల్లు, ఏ పూట మొదలైంది, ఏ నీళ్లు తాగారు, ఎక్కడ తిన్నారు అన్నీ పుస్తకానికెక్కాలి. ఒక్క రాత్రిలోనే అందరూ మంచాన పడితే పెళ్లి విందునో, దశదిన కర్మ భోజనాన్నో అనుమానించాలి. రోజుకు కొందరు చొప్పున పడుతూ పోతే నల్లా లైను వెంట నడవాలి. వంతులవారీగా నీళ్లు వదిలే చోట సరఫరా ఆగగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. మోరీలో మునిగిన పగులు గుండా మురుగు లోపలికి చేరుతుంది. ఏ వాల్వు గుంత నిండిందో వాటర్‌మన్‌కు తెలిసినంతగా ఇంజినీరుకు తెలియదు. తొలి వేటు అతని మీదే పడితే మరో ఊళ్లో ఏ వాటర్‌మన్ నోరు విప్పుతాడు?

1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మృతుల లెక్కతో ఆగలేదు. తాను అనుమానించిన వీధి నీళ్ల పంపు పక్కనే ఉన్న బీరు తయారీశాల పనివారు ఎలా బయటపడ్డారని ఆరా తీశాడు. వారు ఆ పంపు జోలికే పోలేదు. మన వాడలోనూ బోరు నీళ్లు తాగే ఇల్లు, క్యాన్ నీళ్లు కొనే ఇల్లు ఉంటాయి. శిబిరానికి రాని ఆ ఇళ్ల తలుపు తట్టేదెవరు? పరీక్ష ఫలితం రాకముందే ‘కలుషిత నీరే కారణం’ అని తేల్చేయడంలో పత్రికలమూ తక్కువ తినలేదు.

చివరి నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. టెంటు ఎత్తేసిన వారం తర్వాత ఆ అంకె ఎంతుందో, నమూనాల ఫలితాలతో సహా, పంచాయతీ గోడ మీదా వార్డు కార్యాలయం గోడ మీదా తెలుగులో అంటించాలి.