పళ్లెంలో మిగిలిన ఉప్పు
ఒక బడిలో వారం పాటు పుస్తకాలు పక్కన పెట్టి పిల్లల చేత అన్నీ స్వయంగా చేయించి నేర్పారన్న ఈ కథనం చదివి చాలా సంతోషం వేసింది. మా పాప మూడో తరగతి, ఇక్కడే వైజాగ్‌లో. ఆమధ్య వాళ్ల టీచర్ కూడా ఇలాగే చేయించారు. ఆర్కే బీచ్ నుంచి సీసాలో తెచ్చిన నీళ్లు స్టీలు పళ్లెంలో పోసి ఎండలో పెడితే మూడో రోజుకి అడుగున తెల్లగా పొర కట్టింది, ఆ పళ్లెం ఇంటికి తెచ్చి వేలితో గీకి చూపిస్తూ “అమ్మా, నీళ్లు పోయాయి, ఉప్పు మాత్రం పోలేదు” అంది. 2020 జాతీయ విద్యా విధానంలో పుస్తకాల బ్యాగు లేకుండా పనులు చేస్తూ నేర్చుకునే 10 రోజులు 6 నుంచి 8 తరగతుల పిల్లలకే చెప్పారు, మరి ఏది కనిపించినా ముట్టుకుని చూసే చిన్నపిల్లలకి ఎందుకు వద్దు? టీచర్ ఒక్కరే చూసుకోలేకపోతే మా తల్లుల్ని పిలవండి, నేనైతే వచ్చేస్తాను.