సైజు ఒక్కటే చూసి ఇదే బెస్ట్ అనకండి ప్లీజ్

ఫైళ్ల సైజు తగ్గించే కంప్రెషన్ ప్రోగ్రాముల్లో ఏది మంచిది అని ఎవరడిగినా వెంటనే ఒక టేబుల్ పెట్టేస్తారు, అందులో ఎవరి ఫైల్ చిన్నగా వస్తే వాళ్లే నంబర్ వన్. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది నాకు. ఆ ఫైల్‌ని తర్వాత ఎంతమంది ఎన్నిసార్లు ఎక్స్‌ట్రాక్ట్ చేస్తారో, అంటే మళ్లీ విప్పుకుంటారో, ఎవరికీ పట్టదా?

ఆర్చ్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 2019 చివర్లో తమ ప్యాకేజీల్ని (సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకునే ఫైళ్లని) ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ పద్ధతి నుంచి జెడ్‌స్టాండర్డ్ అనే ఇంకో పద్ధతికి మార్చేశారు. మొత్తం సైజు పెరిగింది 0.8 శాతమే, ఎక్స్‌ట్రాక్ట్ స్పీడు మాత్రం దాదాపు 1300 శాతం పెరిగిందని వాళ్లే ప్రకటించారు. ప్యాకేజీ తయారుచేసేది ఒక్కసారి, విప్పుకునేది వాడేవాళ్లందరూ, మరి సైజు టేబుల్ ప్రకారం చూస్తే ఓడిపోయింది జెడ్‌స్టాండర్డే కదా! పైగా జెడ్‌స్టాండర్డ్‌లో లెవెల్ (ఎంత గట్టిగా కుదించాలో చెప్పే నంబర్) పెంచితే కంప్రెస్ చేయడం స్లో అవుతుంది గానీ విప్పే స్పీడు పెద్దగా మారదు, నాకు అన్నిటికంటే నచ్చేది అదే. ఎప్పుడో గానీ తెరవని బ్యాకప్ అయితే సెవెన్-జిప్పో ఎక్స్‌జెడ్డో వాడండి, కాదనను, కానీ ఎక్స్‌జెడ్ లెవెల్ 9కి కంప్రెస్ చేసేటప్పుడు 674 ఎంబీ దాకా ర్యామ్ కావాలి, పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు చూసుకోండి.

ఇంకో సంగతి, ఈ టెస్టులన్నీ ఎవరి టెక్స్ట్ మీద చేస్తున్నారు? ఎక్కువగా కనిపించేవి సిలీసియా అనే టెస్ట్ ఫైళ్ల సెట్, లేదంటే ఇంగ్లిష్ వికీపీడియా నుంచి తీసిన ఎన్‌విక్8 అనే ఫైల్. మన తెలుగు ఏదీ? కంప్యూటర్‌లో అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైట్ చాలు, తెలుగులో ప్రతి అచ్చుకీ హల్లుకీ గుణింతం గుర్తుకీ పొల్లుకీ 3 బైట్లు, "స్త్రీ" అని రాస్తేనే 18 బైట్లు అయిపోతాయి. ఒక్కో గుర్తుకి పట్టే ఆ మూడు బైట్లలో మొదటి బైట్ ఎప్పుడూ ఒకటే, రెండోది రెండు విలువల్లో ఏదో ఒకటి, అంటే పిండుకోవడానికి బోలెడంత ఉంది. ఈ ప్రోగ్రాములు ముందు వచ్చిన మాటే మళ్లీ వచ్చిందా అని వెనక్కి చూసి సైజు తగ్గిస్తాయి, కానీ మామూలు జిప్‌లో ఉండే డిఫ్లేట్ అనే పద్ధతి వెనక్కి చూడగలిగేది 32 కేబీ వరకే. ఇంగ్లిష్‌లో అది 32 వేల పైచిలుకు అక్షరాలు, మనకొచ్చేసరికి 11 వేల గుర్తులు కూడా రావు, ఒక మాట అంతకంటే దూరంలో మళ్లీ వస్తే జిప్‌కి అది కొత్త మాటే! సెవెన్-జిప్, జెడ్‌స్టాండర్డ్ ఎంబీల కొద్దీ వెనక్కి చూస్తాయి కాబట్టి పెద్ద తెలుగు ఫైల్ మీద ఆ ఇబ్బంది ఉండదు. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉన్న ఫోల్డర్ అయితే జిప్ ఇంకా నష్టపోతుంది, ప్రతి ఫైల్‌నీ విడిగా కుదిస్తుంది కదా. సెవెన్-జిప్ అన్నీ కలిపి కుదిస్తుంది, కాకపోతే మధ్యలోంచి ఒక్క ఫైల్ కావాలంటే దాని ముందున్నవి కూడా విప్పుకుంటూ రావాలి.

జేపెగ్ ఫోటోలు, వీడియోలు ఏ ప్రోగ్రామ్‌లో పెట్టినా పెద్దగా తగ్గవు, వాటితో పోటీలు పెట్టకండి.

టేబుల్ పెట్టేవాళ్లు దయచేసి ఎక్స్‌ట్రాక్ట్ టైమ్‌కి ఒక కాలమ్ కలపండి, ఒక పెద్ద తెలుగు టెక్స్ట్ ఫైల్ మీద కూడా రన్ చేసి ఆ నంబర్లు పెట్టండి.