రెండు లీటర్ల నెయ్యి, నలభై ఆకులు

మార్చిలో ఇంటర్ పరీక్షలు ముగుస్తాయి, మేలో ఎంసెట్ అయిపోతుంది. ఆ పరీక్ష ఆంధ్రలో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్ అయింది గానీ, తల్లులు ఇప్పటికీ ఎంసెట్ పేరు మీదే మొక్కుకుంటున్నారు. దేవుడే సర్దుకుపోతున్నాడు. ఇక అక్కడి నుంచి కౌన్సెలింగ్ పిలుపు వచ్చేదాకా పిల్లలు ఖాళీ. ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ అంటూ తెల్లవారుజామునే లేపి కూర్చోబెట్టిన పిల్లవాడికి ఒక్కసారిగా రోజంతా చేతికి వస్తుంది. దాన్ని ఏం చేసుకోవాలో ఏ స్టడీ మెటీరియల్‌లోనూ ఉండదు.

తెనాలిలో ఉంటున్న మా మేనల్లుడు కొన్నాళ్ళు నిద్రపోయాడు, కొన్నాళ్ళు ఫోను చూశాడు. చివరికి ఒకరోజు నాకు ఫోన్ చేసి, "మామయ్యా, కాలేజీ తెరిచేలోపు ఏదైనా పని చేస్తాను, ఎక్కడైనా చెప్పి పెట్టించు" అన్నాడు. నాకు తెలిసిన పెళ్ళిళ్ళ వంట కాంట్రాక్టరు ఒకాయన ఉన్నాడు. ముహూర్తాల రోజుల్లో ఆయనకు వడ్డించేవాళ్ళు ఎంతమంది ఉన్నా చాలరు. కబురు పెట్టాను.

మా బావ కోర్టులో సూపరింటెండెంటు. కొడుకును నేరుగా వద్దనడం ఆయన పద్ధతి కాదు, చట్టం చేత వద్దనిపిస్తాడు. రాత్రంతా కూర్చుని 1986 నాటి బాలకార్మిక చట్టాన్నీ, దానికి 2016లో చేసిన సవరణనూ తిరగేశాడు. పద్నాలుగేళ్ళ లోపువాళ్ళను పనిలో పెట్టుకోకూడదు. పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండనివాళ్ళను గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకరమైన ప్రక్రియల్లో పెట్టకూడదు. మావాడికి పదిహేడు నిండాయి. పెళ్ళి బంతిలో వడ్డన ఆ జాబితాలో ఎక్కడా కనబడలేదు. ఆ బంతిలో మేనత్త కూర్చునే అవకాశం ఉందని పార్లమెంటుకు ఎవరూ చెప్పినట్టు లేదు.

కాంట్రాక్టరు మొదటిరోజు పాఠం అరగంట చెప్పాడు. గోళ్ళు తీసుకోవాలి, తలకు టోపీ, చేతికి తొడుగు. అరిటాకు సన్నని కొస తినేవాళ్ళకు ఎడమవైపు ఉండాలి. తీపి పడ్డాకే తక్కినవి. వంగి వడ్డించాలి, పైనుంచి జారవిడవకూడదు. పదిమందికి కిలో బియ్యం లెక్క. ఆఖరున గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు: "ఏది తక్కువైనా నాకు వచ్చి చెవిలో చెప్పు బాబూ, బంతిలో మాత్రం నోరు తెరవకు." మావాడు అన్నీ విన్నాడు. విన్నదంతా గుర్తుండదని ఎంసెట్ అప్పటికే రుజువు చేసింది.

కొత్తవాడు కదా అని తేలికైన పని అప్పగించారు, నెయ్యి. రెండు లీటర్ల గిన్నె, పది మిల్లీలీటర్ల చెంచా, రెండు వందల ఆకులు. లెక్క కుదిరిపోయింది. పోటీ పరీక్షలో ఇలాంటి ప్రశ్న వస్తే మావాడు పెన్ను తీయకుండానే జవాబు చెబుతాడు. కానీ వంటశాల నుంచి బంతిదాకా వచ్చేలోపు చెంచా ఎక్కడో జారిపోయింది. వెనక్కి వెళ్తే ఆలస్యమవుతుందని పక్కనున్న పచ్చడి గిన్నెలోని గరిటె కడిగి పట్టుకున్నాడు. అది నిండా యాభై పడుతుంది.

అప్పుడు చూడాలి ఆ బంతిని. వేడి అన్నం, ముద్దపప్పు, మధ్యలో గుంట, ఆ గుంట నిండి అంచులు దాటుతున్న నెయ్యి. "ఈ పిల్లవాడెవరో గాని చెయ్యి పెద్దది" అని మెచ్చుకున్నారు. ఒకరిద్దరు ఆయురారోగ్యాలతో వర్ధిల్లమని దీవించారు. ఇరవయ్యో ఆకు దగ్గర ఒక పెద్దావిడ తల ఎత్తకుండానే, "ఇంకొంచెం వెయ్యి నాయనా" అంది. మావాడు వేశాడు. ఆవిడ మా బావకు స్వయానా అక్కగారు. బంతిలో కూర్చున్నవాళ్ళు వడ్డించేవాడి ముఖం చూడరు, గరిటె చూస్తారు. వడ్డించేవాడు ఆకు చూస్తాడు. అందువల్ల రక్తసంబంధం ఆ పూట బయటపడకుండా పోయేదే.

కానీ యాభై మిల్లీలీటర్ల చొప్పున రెండు లీటర్లు ఎక్కడిదాకా వస్తాయి? నలభై ఆకులకు వస్తాయి, అది కూడా మేనత్తలు మారు అడగకపోతే. మావాడి గిన్నె ముప్పై తొమ్మిదో ఆకు దగ్గరే ఖాళీ అయింది. నలభయ్యో ఆకు నుంచి మగపెళ్ళివారి వరుస మొదలవుతుంది. ఆ మొదటి ఆకు పెళ్ళికొడుకు మేనమామది. ఆయన పప్పన్నంలో గుంట చేసి, వేలితో అంచులు సర్ది, సిద్ధంగా కూర్చున్నాడు.

మావాడు గిన్నెలోకి చూశాడు. ఆయన గుంటవైపు చూశాడు. తరువాత, తరగతిలో జవాబు చెప్పడానికి అలవాటుపడిన గొంతుతో, మండపం చివరిదాకా వినబడేటట్టు ప్రకటించాడు: "నెయ్యి అయిపోయిందండీ!"

శుభకార్యంలో, నిండు బంతిలో, మగపెళ్ళివారి ఆకు ముందు! సన్నాయి ఒక్క క్షణం తడబడింది. కాంట్రాక్టరు వంటశాల నుంచి పరుగున వచ్చి "నిండుకుంది, నిండుకుంది, ఇదిగో వస్తోంది" అంటూ ఇంకో గిన్నె తెప్పించి, స్వయంగా తన చేత్తో మేనమామగారి గుంట నింపాడు. ఆయన నెయ్యి తిన్నాడు గాని ముఖం మళ్ళీ విప్పలేదు.

అక్కగారు మాత్రం గొంతు గుర్తుపట్టింది. లేచి నిలబడింది. "ఒరేయ్, నువ్వా!" అని కుడిచెయ్యి పప్పన్నంతో ఉండగానే ఎడమచేత్తో మేనల్లుడి మణికట్టు పట్టుకుంది. టోపీ, తొడుగులు, గిన్నె కలిపి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కన్నీళ్ళు ఆగకముందే, ఆ ఎడమచేత్తోనే ఫోను తీసి తమ్ముడికి కొట్టింది. "మేమంతా బతికే ఉన్నాం కదరా, ఒక్క మాట చెప్పకూడదా?"

బావకు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయనా తగ్గలేదు. "అక్కయ్యా, నీ మనవడు డాలస్‌లో ఐస్‌క్రీం దుకాణంలో టోపీ పెట్టుకుని నిలబడ్డ ఫోటో నువ్వే కదా మా అందరికీ పంపావు? పదహారేళ్ళకే తన కాళ్ళ మీద తాను నిలబడ్డాడని రాశావు కూడా."

"అవి డాలర్లురా!" అంది అక్కయ్య. ఆ వాదానికి మా బావ చదివిన ఏ చట్టంలోనూ సమాధానం లేదు.

పెరుగన్నం పూర్తయ్యేలోపు కబురు రెండు జిల్లాలు దాటింది. మొదట బావ షేర్లలో పోగొట్టుకున్నాడన్నారు. ఆ తరువాత అది చీటీలపాట అయింది. సాయంత్రానికి సస్పెండయ్యాడని కూడా తేలింది. ఒక బంధువు పరామర్శకు వచ్చి, ఊరవతల స్థలం అమ్మే ఉద్దేశం ఉంటే ముందుగా తనకే చెప్పమని, కష్టాల్లో ఉన్నవాళ్ళ దగ్గర బేరం ఆడనని మాట ఇచ్చాడు. ఇంకొకరు కందిపప్పు, బెల్లం పంపారు. మా అక్క తలుపు వేసుకుని కూర్చుంది, నన్ను తిట్టడానికి మాత్రం రెండుసార్లు తీసింది.

కాంట్రాక్టరు మావాణ్ణి పంపించేయలేదు. వడ్డన నుంచి తప్పించి సామాన్ల గదిలో కూర్చోబెట్టాడు. బయటకు వెళ్ళిన ప్రతి గరిటె, ప్రతి చెంచా పుస్తకంలో రాయించాడు. పొద్దున పోయిన నెయ్యి చెంచా రాత్రి మజ్జిగ బకెట్టు అడుగున దొరికితే, అది కూడా మావాడి చేతే జమ వేయించాడు. ఐదు వందలు చేతిలో పెట్టి, "లెక్క వచ్చు, కొలత రాదు. ఎల్లుండి మళ్ళీ రా, నేర్పుతాను" అన్నాడు.

మావాడు ఆ ఐదు వందలతో ఇంటికి వచ్చేసరికి హాల్లో బావ పినతండ్రి కొడుకు కూర్చుని ఉన్నాడు. ఎప్పుడో బోరు వేయించుకుంటానని ఇరవై వేలు తీసుకుని, అప్పటినుంచి ఎదురుపడితే వీధి మారుతున్న మనిషి. కవరు బల్ల మీద పెట్టి, "అన్నయ్యా, నీ పరిస్థితి ఇంతదాకా వచ్చిందని తెలియదు. తెలిస్తే ఇన్నాళ్ళు ఉంచుకునేవాణ్ణి కాదు" అని కళ్ళు తుడుచుకున్నాడు. బావ నోరు తెరిచాడు. నా పరిస్థితికేం, బాగానే ఉంది అని చెప్పబోతున్నాడని మేమంతా అనుకున్నాం. ఆయన కవరు వైపు ఒకసారి చూసి, మెల్లగా నిట్టూర్చాడు.

ఆయన వెళ్ళిపోయాక బావ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, లోపలికి వెళ్ళబోతున్న కొడుకును పిలిచాడు.

"ఎల్లుండి పెళ్ళి ఎక్కడన్నావు?"

"రేపల్లెలో నాన్నా."

"రేపల్లె పెద్దబావగారు వస్తారేమో కనుక్కో. వస్తే ఆ వరుసకు నువ్వే వడ్డిస్తానని అడుగు."