భయాన్ని ఎవరి మీద పెడుతున్నాం?

పిల్లలకు దెయ్యాల కథలు చెప్పకూడదనే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. ఊరు వదిలి వచ్చి ఉంటున్న ఇక్కడ పిల్లలు ఒక్కొక్కరికి ఒక్కో గది, రాత్రి భయపడి లేస్తే మర్నాడు స్కూలు సంగతేమిటన్న టెన్షన్ ఒకటి. ఊళ్లో వదిలేసి వచ్చిన మూఢనమ్మకాలను మళ్లీ మనమే ఇంట్లోకి తేవడం ఎందుకన్నది ఇంకొకటి. రెండూ కాదనలేని మాటలే. అయినా చెప్పాలనే నేనంటాను. ఎలాంటి దెయ్యం కథ చెప్పాలి, ఎలాంటిది చెప్పకూడదు అన్నదే నాకు ముఖ్యం. అది చెప్పడానికి ‘లాక్ అండ్ కీ’ సిరీస్‌ను పట్టుకుంటాను. ఎందుకంటే మన పిల్లలు దాన్ని ఇప్పటికే చూసేశారు, మనమే చూడలేదు.

దానికి మూలం జో హిల్ రాయగా గాబ్రియేల్ రోడ్రిగెజ్ బొమ్మలు వేసిన కామిక్. 2008లో మొదలై 2013లో ముగిసింది. 2011లో ఒకసారి, 2017లో మరోసారి టీవీ కోసం పైలట్ (నమూనా ఎపిసోడ్) తీశారు, రెండూ ముందుకు సాగలేదు. చివరికి 2020 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో సిరీస్‌గా వచ్చింది. 2022లో మూడో సీజన్‌తో ముగించారు.

కథ ఇదీ. స్కూల్లో కౌన్సెలర్‌గా పనిచేసే తండ్రిని ఒక విద్యార్థే కాల్చి చంపేస్తాడు. తల్లి నీనా ముగ్గురు పిల్లల్ని తీసుకుని మసాచుసెట్స్‌లో భర్త పెద్దలు కట్టిన పాత ఇంటికి చేరుతుంది. ఆ ఇంట్లో ఎక్కడెక్కడో దాచిన తాళంచెవులు పిల్లలతో గుసగుసలాడతాయి. ఒకటి తలుపుకి పెడితే తెలిసిన ఏ చోటికైనా వెళ్లొచ్చు. ఒకటి మెడ వెనక పెడితే మనిషి మనసులోకే దారి తెరుచుకుంటుంది. ఇంకొకటి మనిషిని ఆత్మగా మార్చి, శరీరాన్ని గుమ్మంలోనే వదిలేయిస్తుంది. పిల్లలకు ఇదంతా కనిపిస్తుంది. పద్దెనిమిదేళ్లు దాటాక ఎవరికీ గుర్తుండదు. తల్లి కళ్లముందే జరిగినా కాసేపటికి మరిచిపోతుంది.

ఇందులో రాక్షసి ఉంది, వేషాలు మార్చి ఇంటి చుట్టూ తిరుగుతుంది. కానీ కీడు మొదలైంది దానితో కాదు. ఒకప్పుడు ఆ తండ్రి, అతని స్నేహితులు కుర్రతనంలో తెరవకూడని తలుపు తెరిచారు. స్నేహితుడొకడు దానికి బలయ్యాడు. ఆ సంగతి కప్పిపెట్టడానికి తండ్రి తన సొంత తమ్ముడి తలలోంచి ఆ జ్ఞాపకాన్నే తీసేసి దాచేశాడు. పెద్దవాళ్లు దాచింది పిల్లల ప్రాణం మీదకు వచ్చింది. భయం అంతా అక్కడి నుంచే పుడుతుంది: తండ్రి పోయిన దుఃఖం నుంచి, ఇంటివాళ్లు దాచిన రహస్యం నుంచి.

ఇప్పుడు మన టీవీ సీరియళ్లు, సినిమాలు చూడండి. క్షుద్రపూజ ఎవరు చేస్తారు? జుట్టు విరబోసుకున్న ముసలావిడ. ఊరి చివర గుడిసెలో ఉండేవాడు. లేదంటే కొండ మీద నుంచి దిగివచ్చినవాడు. తెర మీద అది రెండు నిమిషాల సీను. మా ఉత్తరాంధ్ర మన్యంలో దాని పేరు చిల్లంగి. చిల్లంగి పెట్టిందన్న అనుమానంతో ముసలివాళ్లను, అండలేని ఆడవాళ్లను కొట్టి చంపిన వార్తలు మేం చిన్నప్పటి నుంచి చదువుతూనే ఉన్నాం. ఊళ్లో ఒక పిల్లాడికి జ్వరం వచ్చి తగ్గకపోతే ఆ నేరం ఎవరి మీదకు పోతుందో ముందే అందరికీ తెలుసు. అలాంటి కథ నా పిల్లలకు నేను చెప్పను. ఎవరైనా చెబుతుంటే ఆపుతాను. వినోదానికే కదా అంటే ఒప్పుకోను.

కిందటిసారి వేసవిలో చీపురుపల్లి దగ్గర మా ఊరు వెళ్లినప్పుడు మా అబ్బాయి, మా అన్నయ్య కూతురు కలిసి ఈ సిరీస్ పెట్టుకున్నారు. అమ్మ నవారు మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఇంగ్లీషు రాదు, అయినా చూస్తోంది. ఆ ముగ్గురు పిల్లల్లో కిన్సీ అనే అమ్మాయి తన మనసులోకి దిగి, అక్కడున్న భయాన్ని బయటకు లాక్కొచ్చి పాతిపెట్టే చోట అమ్మ చేతిలో పని ఆగిపోయింది.

“అదేటే, ఆ గుంట తన బయాన్నే పాతెట్టేస్తంది? అది ఊరుకుంటదేటి, మళ్లీ లేస్తది.”

లేచింది కూడా. భయం లేని కిన్సీ ఎవరి మాటా లెక్కచేయని మనిషి అవుతుంది. పాతిపెట్టింది పైకి వచ్చి మీద పడుతుంది. మా అబ్బాయి ఆశ్చర్యపోయాడు, “మామ్మా, నీకెలా తెలుసు?” అని.

అమ్మ వెంటనే ఏమీ చెప్పలేదు. కాసేపయ్యాక వెనక గది సంగతి ఎత్తింది. మా ఇంట్లో వెనక ఒక గది ఉంది, ధాన్యం బస్తాలు వేస్తారు. రాత్రిళ్లు అందులో గాజుల చప్పుడు వినిపిస్తుందని మా చిన్నప్పుడు అనుకునేవాళ్లం. సాయంత్రమైతే ఆ వైపు పోయేవాళ్లం కాదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు అమ్మ చెప్పింది. నాన్నకు ఒక అప్ప, అంటే అక్క, ఉండేదట. మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చి ఆ గదిలోనే పోయింది. వాన, ఏరు పొంగింది, ఆస్పత్రికి తీసుకెళ్లడానికి బండి కట్టే వీలు లేకపోయింది. తాతయ్య ఆ తర్వాత ఆవిడ పేరు ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు. పేరు పోయింది, గాజుల చప్పుడు మిగిలింది. మా అన్నయ్య కూతురు ఆవిడ పేరు అడిగి తెలుసుకుంది. మర్నాడు పిల్లలిద్దరూ ఆ గదిలోకి వెళ్లి చాలాసేపు కూర్చున్నారు, భయపడలేదు.

దెయ్యం కథ చెప్పాలని నేననేది ఇందుకే. మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లు, చిన్నవయసులో పోయినవాళ్లు ఏ ఫొటోలోనూ లేరు, ఏ కాగితంలోనూ లేరు. ఫలానా గది, ఫలానా చింతచెట్టు, ఫలానా నుయ్యి అన్న భయంలోనే ఉండిపోయారు. ఆ భయాన్ని మూఢనమ్మకమని ఊడ్చేస్తే వాళ్లూ దానితో పోతారు.

సిరీస్‌లో నాకు నచ్చనిదీ ఉంది. కామిక్‌లో నీనా దుఃఖం చూడలేనంతగా ఉంటుంది. విరిగినవి అతికించే బీరువా ఒకటి ఆ ఇంట్లో ఉంది. తాగిన మత్తులో ఆమె భర్త చితాభస్మం ఉన్న పాత్రను అందులో పెట్టి తలుపు వేస్తుంది, మనిషి తిరిగి వస్తాడేమోనని. రాడు. ఆ పేజీల దగ్గర నేను పుస్తకం మూసి లేచిపోయాను. టీవీలోకి వచ్చేసరికి ఆ బరువు బాగా తగ్గించేశారు. తాళంచెవుల తమాషాలు, హైస్కూలు ప్రేమలు పెరిగాయి. రెండో సీజన్‌లో పెద్దవాళ్లకు కూడా గుర్తుండేలా చేసే తాళంచెవి ఒకటి పెట్టారు. పెద్దయ్యాక మరిచిపోవడమే ఆ కథకు ప్రాణం అనుకున్న నాకు అది సరిపడలేదు. అయితే పెద్దకొడుకు టైలర్ అది వాడుకోకుండా మరిచిపోవడానికే సిద్ధపడే ఘట్టం మాత్రం బాగుంది.

మన దగ్గర ఇలాంటి కథకు ఏం తక్కువ? బొమ్మల్లో కథ చెప్పడమే తీసుకోండి. మన్యంలోని సవర గిరిజనులు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో ఒక ఇల్లు గీస్తారు, లోపల మనుషులు, జంతువులు, చెట్లు. అది పోయిన పెద్దల ఆత్మలు వచ్చి ఉండడానికి గీసిన ఇల్లు. ఏ కామిక్ పేజీ అంతకంటే గొప్పగా ఉంటుంది?

పైడితల్లి కథ చూడండి. 1757లో విజయనగరానికీ బొబ్బిలికీ మధ్య జరిగిన బొబ్బిలి యుద్ధం. విజయనగరం రాజైన అన్న విజయరామరాజుకు ఆపద రాబోతోందని ముందే తెలిసిన చెల్లెలు, చెప్పడానికి బయల్దేరింది. దారిలోనే కబురు అందింది, బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడి చేతిలో అన్న చనిపోయాడని. ఆ చెల్లెలే విజయనగరం పెద్దచెరువులో అమ్మవారిగా దొరికిందని నమ్మకం. ఏటా దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను సంబరం. దానికి కావలసిన చింతమాను ఏ ఊళ్లో, ఎవరి తోటలో ఉందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందంటారు. చెట్టు దొరికాక పూజ చేసి కొట్టి తెస్తారు. ఆ మాను చివర పూజారి కూర్చుంటే అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు, కింద లక్షల జనం. కల, చెట్టు, సకాలంలో చేరలేకపోయిన చెల్లెలు: ఒక సీజన్‌కి ఇంతకంటే ఏం కావాలి? పైగా ఇదే యుద్ధం బొబ్బిలివాళ్ల నోట వింటే ఇంకోలా ఉంటుంది. పాపారాయుడు అక్కడ వీరుడు. రెండువైపులా విన్న పిల్లలకు విలన్ కోసం పక్కింటి ముసలమ్మ అక్కర్లేదు.

మన తెలుగు సంఘానికి నాదొక విన్నపం. మన పత్రికలో ప్రతి సంచికకు రెండు పేజీలు పిల్లల కామిక్‌కి ఇవ్వండి. బొమ్మలు మన పిల్లలే వేయాలి. కథ అమ్మమ్మ దగ్గరో తాతయ్య దగ్గరో ఫోన్‌లో అడిగి తెచ్చుకోవాలి. ఊరి పేరు, చెరువు పేరు మార్చకూడదు. ఎవరినీ మంత్రగత్తెను చేయకూడదు, ఏ కులాన్నీ ఏ కొండజాతినీ భయపెట్టే వేషంలో చూపకూడదు. చనిపోయిన మనిషి ఎవరో, ఏ దుఃఖంతో పోయారో కథలో తెలియాలి. ఇంటివాళ్ల కథ అయితే పెద్దల అనుమతి తీసుకోవాలి. వచ్చే దసరా సంచికకు సిరిమాను కథతో మొదలుపెడదాం. విజయనగరం వైపు కథ నేను రాసిస్తాను. బొబ్బిలి వైపు వాళ్లెవరైనా రెండో పేజీ తీసుకోండి.