జాడీ వెనక సీసా

మొన్న మే నెలలో హైదరాబాద్ వెళ్లినప్పుడు అమ్మతో మోండా మార్కెట్‌కి వెళ్లాను. కొట్టిన మామిడికాయ ముక్కల్ని ఒక్కొక్కటే తిప్పి, టెంక ఉందో లేదో చూసుకుంటోంది. లేనిది పక్కన పడేస్తోంది, మెత్తబడిపోతుందని. కాయలు కొట్టే అతనికి ఓపిక పోయింది. "ఏంటమ్మా, పచ్చడి పెడతావా, పరీక్ష పెడతావా?"

నాకు రామోజీరావు గుర్తొచ్చారు. 2024 జూన్‌లో ఆయన పోయినప్పుడు మా ఫ్రెండ్స్ అంతా పేపరు గురించి, ఫిల్మ్ సిటీ గురించే మాట్లాడుకున్నాం. 1980లో ఆయన మొదలుపెట్టిన ప్రియా పచ్చళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు. నాకైతే అదే మొండి ధైర్యంగా కనిపిస్తుంది. పక్కింటి ఆవకాయకే వంక పెట్టే జనం మనం. అలాంటి మనకి పచ్చడి అమ్మబోవడమా! కాయ పులుపు తోటతోటకీ మారుతుంది, మిరప కారం పంటపంటకీ మారుతుంది. అమ్మ అయితే నాలిక మీద వేసుకుని ఉప్పు సరిచేస్తుంది. ఫ్యాక్టరీలో ప్రతి సీసా ఒకేలా ఉండాలి, లేకపోతే మళ్లీ కొనరు.

"బజారు పచ్చడి" అని మూతి విరవడం మనవాళ్లకి అలవాటు. (నేనూ విరిచినవాణ్ణే.) చదువుకోవడానికి అమెరికా వచ్చిన కొత్తలో, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ డబ్బా సూట్‌కేసులో కారిపోయింది. రెండు చొక్కాలు, సర్టిఫికెట్ల ఫైలు ఎర్రనూనెలో తడిశాయి. ఆ వారమే ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు పక్కన ప్రియా సీసా కనిపించింది. మూత బిగుసుకుపోతే రూములో ఉన్న నలుగురం వేణ్నీళ్ల కింద పెట్టి తిప్పాం. కుక్కర్ ఇంకా దిగలేదు, మూతకంటిన నూనె వేలితో తీసి నాకాం. అది అమ్మ ఆవకాయ కాదని నలుగురికీ తెలుసు. సీసా మాత్రం నాలుగు రోజుల్లో ఖాళీ.

ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా ఎవరో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమానికి శాలువా కప్పుతుంది. కప్పనీయండి, కాదనను. కానీ హైదరాబాద్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డులో పచ్చళ్లు పెట్టి, నూనె కారకుండా అమెరికా ప్యాకింగ్ చేసిచ్చే ఆడవాళ్లలో ఒక్కరినైనా ఎప్పుడైనా వేదిక మీదికి పిలిచామా?

ఇంటికొచ్చాక జాడీ దించుదామని వంటింటి అటక తెరిచాను. వెనకాల గోంగూర సీసా, సగం అయిపోయింది. అమ్మ వైపు చూశాను.

"ఆవకాయంటే పెడతాను గానీ, అన్నీ పెట్టే ఓపిక ఎక్కడిదిరా? ముందు జాడీ దించు" అంది.