బయో టాయిలెట్ బ్యాక్టీరియా గార్లకు బహిరంగ లేఖ

రైలు బోగీ కింద ఉక్కు ట్యాంకులో కాపురముంటున్న బ్యాక్టీరియా గార్లకు,

నమస్కారాలు. మీరు క్షేమంగా ఉన్నారని అనుకోవడం లేదు కాబట్టి ఆ ముక్క అడగను.

సియాచిన్ లాంటి మంచుకొండల్లో ఉండే సైనికుల కోసం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వాళ్లు మిమ్మల్ని సిద్ధం చేశారట. ఎముకలు కొరికే చలికి బెదరలేదు, గాలి ఆడకపోయినా బతికారు. అంతటి మిమ్మల్ని తెచ్చి జనరల్ బోగీకి ట్రాన్స్‌ఫర్ చేశారు. ఏం నేరం చేశారండీ?

డ్యూటీ మాత్రం సులువే. మేం వదిలింది తిని, నీళ్లుగా, గ్యాస్‌గా మార్చాలి. మీరు రాకముందు గొట్టం తిన్నగా పట్టాల మీదికే ఉండేది. కిందికి చూస్తే కంకర పరుగెత్తుతూ కనిపించేది. బండి ఆగి ఉన్నప్పుడు వాడొద్దని బోర్డు పెట్టేవారు, మావాళ్లకు సరిగ్గా స్టేషన్ రాగానే గుర్తొచ్చేది. పట్టాలు తుప్పుపడుతున్నాయని అధికారులు బాధపడ్డారు. ఆ పట్టాల వెంట నడిచే గ్యాంగ్‌మన్ సంగతి అంతగా ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు మీ మెనూ చూస్తే జాలేస్తోంది. గుట్కా ప్యాకెట్లు, టీ కప్పులు, డైపర్లు. మొన్న ఓ బండిలో తలుపు తీస్తే గొట్టంలో నీళ్ల సీసా నిలువునా ఇరుక్కుని ఉంది. మూత కూడా బిగించి మరీ వేశాడు, ఎంత పద్ధతైన మనిషో! చెత్తడబ్బా వాష్‌బేసిన్ కిందే ఉంది, ఖాళీగా. నా వెనక లైన్లో ఉన్నాయన తొంగిచూసి, "ఛీ, రైల్వేవాళ్లకు బొత్తిగా బాధ్యత లేదు" అన్నాడు. ఆ సీసా రైల్వేవాళ్లే తాగి పడేసినట్టు!

అసలు ఈ గది కోసం 1909లో ఒఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు ఎంత అవమానపడ్డాడో. పనసపండు తిని కడుపుబ్బి, అహ్మద్‌పూర్ స్టేషన్‌లో దిగాడు. ఇంతలో గార్డు విజిల్ వేశాడు. ఓ చేత్తో చెంబు, ఓ చేత్తో ధోవతి పట్టుకుని పరుగెత్తి, ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ పడ్డాడు. బండి వెళ్లిపోయింది. సాహిబ్‌గంజ్ రైల్వే ఆఫీసుకు ఘాటుగా ఉత్తరం రాశాడు. ఆ తర్వాతే మామూలు తరగతి బోగీలకూ మరుగుదొడ్లు వచ్చాయంటారు. పాపం, సీసా పడేయడానికి చోటు కావాలని మాత్రం ఆయన అడగలేదు.

ఓ చిన్న మనవి. మీ బంధువుల్లో ప్లాస్టిక్ తినేవాళ్లు ఎవరైనా ఉంటే వెంటనే అర్జీ పెట్టించండి. జీతం లేదు, సెలవుల్లేవు. భోజనానికి మాత్రం లోటుండదు, మేమున్నాంగా.

ఇట్లు,
లైన్లో నిలబడ్డ ఓ ప్రయాణికుడు