భయం కాదు, అదనపు చాకిరీ

ప్రభుత్వ శాఖల్లో కొత్త యాప్ వచ్చిన ప్రతిసారీ కింది స్థాయి సిబ్బంది విసుక్కుంటారు. పై అధికారులేమో 'వీళ్లకు టెక్నాలజీ అంటే భయం' అని తేల్చేస్తారు. ఈ మాటతో మేము ఏకీభవించం. ఆ సిబ్బందే ఇంటికెళ్లి ఫోన్‌పేలో డబ్బులు పంపుతున్నారు, మనవళ్లతో వీడియో కాల్ మాట్లాడుతున్నారు. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ అంటించుకోవడానికి కిరాణా కొట్టాయనకు ఎవరూ శిక్షణ తరగతులు పెట్టలేదు. చిల్లర బాధ తప్పింది, అలవాటైపోయింది. ఆఫీసు యాప్ వల్ల ఎవరి బాధ తప్పిందో ముందు చూడాలి.

అంగన్‌వాడీల సంగతే తీసుకోండి. కేంద్రం 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ యాప్ తెచ్చింది. పిల్లల ఎత్తు, బరువు, హాజరు, గర్భిణుల వివరాలు, ఇంటికిచ్చే రేషన్ అన్నీ అందులో ఎక్కించాలి. మంచిదే. కానీ చాలాచోట్ల పాత రిజిస్టర్లు పోలేదు. ఒకే లెక్క రెండుసార్లు రాయాలి, ఆ మధ్యలోనే పిల్లలకు అన్నం పెట్టాలి. ఆ ఏడాది ఆగస్టులో మహారాష్ట్ర కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లనే వెనక్కి ఇచ్చేశారు. మెమరీ చాలక ఆ ఫోన్లు మొరాయించేవి, యాప్ చూస్తే ఇంగ్లిష్‌లో ఉండేది. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరైంది. దానికి ముందు ఈకేవైసీ, అంటే ఫోన్‌కొచ్చే ఓటీపీతో ఆధార్ వివరాలు సరిచూడటం, చేయాలి. ఓటీపీ వచ్చే ఫోన్ ఎన్నో ఇళ్లలో పనికెళ్లిన భర్త జేబులో ఉంటుంది. సరుకు అందని బాలింత తిట్టేది ఢిల్లీ సర్వర్‌ను కాదు, ఎదురుగా ఉన్న టీచరమ్మను.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ఉపాధ్యాయులకు ముఖ హాజరు యాప్ పెట్టినప్పుడు సొంత ఫోన్, సొంత డేటా ఎందుకు వాడాలని సంఘాలు అడిగాయి. న్యాయమైన ప్రశ్నే.

వద్దన్న వాళ్లంతా నిప్పులాంటి వాళ్లని మేము అనడం లేదు. బడికి తీరిగ్గా వచ్చేవారికీ, దొంగ మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) రాసేవారికీ కెమెరా ఎలాగూ నచ్చదు. అయితే కెమెరా వాళ్లను పట్టుకుందా? ఉపాధి హామీ పనుల్లో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటోలు యాప్‌లో పెట్టాలన్న నిబంధన 2023 జనవరి 1 నుంచి అంతటా అమలైంది. ఫొటోకు ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, పనికి సంబంధం లేని బొమ్మలు పెడుతున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. విరుగుడుగా, పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ సిబ్బంది చూడాలంది. అంటే యాప్‌కు మళ్లీ మనుషులే కాపలా. దొంగ తప్పించుకునే దారి వెతుక్కున్నాడు. సిగ్నల్ అందని ఏజెన్సీ గ్రామంలో నిజంగా మట్టి తవ్వినవాళ్లకు మాత్రం కూలి పడుతుందో లేదోనన్న టెన్షన్.

బ్యాంకుల్లోనూ యంత్రాలను ఒకప్పుడు గట్టిగానే వ్యతిరేకించారు. యాజమాన్యాలు యూనియన్లతో కూర్చుని మాట్లాడితే 1983లో ఒప్పందం కుదిరింది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, లావుపాటి లెడ్జర్లు నిజంగానే పోయాయి. ఇప్పుడు ఆ కూర్చుని మాట్లాడటమే లేదు. పొద్దున వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్, సాయంత్రానికి 'పెండింగ్ లిస్టు'. అందులో పేరుంటే సంజాయిషీ.

కొత్త యాప్ తెచ్చే ఉత్తర్వులోనే దాంతో ఏ రిజిస్టర్ రద్దయిందో రాయాలి. రద్దయ్యేదేమీ లేకపోతే ఆ ఉత్తర్వే అక్కర్లేదు. ఫోనూ డేటా శాఖే ఇవ్వాలి. సర్వర్ పడుకున్న రోజు ఉద్యోగికి మెమో ఇవ్వకూడదు. జిల్లాలన్నిటికీ పంపేముందు సిగ్నల్ సరిగా లేని ఒక మండలంలో నెల రోజులు నడిపి చూడాలి. పని తగ్గిందో పెరిగిందో అక్కడి సిబ్బందినే అడగాలి. పెరిగిందంటే యాప్‌ను వెనక్కి తీసుకెళ్లి సరిచేయాల్సింది తయారు చేసినవాళ్లే.